44 మాటల భూతం

పోయినవాళ్లను పిలిచి నాలుగు మాటలు చెప్పించడం స్మారక సభ పని. దెయ్యం సినిమా చేసేదీ అదే. ఒక చోట దండ వేసిన ఫొటో, దీపం, మైకు. ఇంకో చోట చీకటి హాలు, కిర్రుమనే తలుపు, వెనక వరసలోంచి ఈలలు. కాబట్టి ఒడిశా రాయగడ జిల్లా మునిగుడ తెలుగువారి ముందు జరిగే ఒక స్మారక ఉపన్యాసానికి భూతం సినిమా విషయం కావడం మరీ అంత అపచారమేమీ కాదు. పైగా ఇక్కడ ఎంచుకున్న సినిమాకు ఎప్పుడో నెరిసిన జుట్టు వచ్చేసింది. దానికి భయపెట్టే శక్తి చాలావరకు పోయింది, గుండెను పట్టేసే శక్తి మాత్రం మిగిలింది. పేరు 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్'. 1935 ఏప్రిల్‌లో అమెరికాలో విడుదలైంది. నిడివి 75 నిమిషాలు. 1931లో వచ్చిన 'ఫ్రాంకెన్‌స్టైన్'కు ఇది రెండో భాగం.

మునిగుడలో ఈ సినిమా ఊసెత్తడానికి ఒక వంక కూడా ఉంది. పార్వతీపురం నుంచి ఈ మునిగుడ కొండల మధ్యగా రాయపూర్ దాకా రైలుదారి పూర్తయింది 1931లోనే. అదే ఏడు నవంబరులో హాలీవుడ్‌లో యూనివర్సల్ కంపెనీ మొదటి 'ఫ్రాంకెన్‌స్టైన్' విడుదల చేసింది. అదే ఏడు పర్లాకిమిడి పంతులు గిడుగు వెంకట రామమూర్తి రాసిన సవర భాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. అప్పటికి ఈ కొండలన్నీ మద్రాసు రాజధానిలోనే, విశాఖపట్నం ఏజెన్సీలోనే ఉన్నాయి. ఒడిశా విడి రాష్ట్రమైంది 1936 ఏప్రిల్ 1న. భూతం రెండో సినిమా వచ్చి అప్పటికింకా ఏడాది నిండలేదు. రైలు, భూతం, వ్యాకరణం ఒకే ఏడాది పుట్టడం కాకతాళీయమే. అయితే ఈ కథలో భూతానికీ వ్యాకరణానికీ పని పడుతుంది. రైలు మాత్రం ఇక్కడే దిగిపోతుంది.

ముందుగా ఒక పొరపాటు సరిచేసుకోవాలి. ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది భూతం పేరు కాదు, భూతాన్ని తయారుచేసిన శాస్త్రజ్ఞుడి ఇంటిపేరు. భూతానికి పేరు లేదు. కన్నవాడు పెట్టలేదు, ఊరివాళ్లకు పెట్టాలని తోచలేదు. జనం నోట్లో నలిగి నలిగి తండ్రి పేరే దానికి అంటుకుపోయింది. ఒక రకంగా అది న్యాయమే.

మొదటి సినిమా కథ చాలామందికి తెలిసిందే. శవాల ముక్కలు కుట్టి, పిడుగుల కరెంటు ఎక్కించి, ఒక మనిషిని లేపుతారు. లేచినవాడు చదునైన నెత్తితో, మెడకు రెండు పక్కలా ఇనప మేకులతో, పొట్టి చేతుల కోటుతో నిలబడతాడు. ఆ రూపం మేకప్ మనిషి జాక్ పియర్స్ చేతి పని. రోజూ గంటలకొద్దీ పట్టేది. వేషం కట్టినవాడు బోరిస్ కార్లాఫ్, అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. పుట్టింది లండన్‌లోనైనా ఆ కుటుంబానికి మన గడ్డతో చుట్టరికం ఉంది: సయాం రాజు పిల్లలకు చదువు చెప్పి పేరు తెచ్చుకున్న అన్నా లియోనోవెన్స్ అతని అమ్మమ్మకు చెల్లెలు. ఆవిడ పుట్టింది అహ్మద్‌నగర్‌లో.

ఆ సినిమాలో భూతానికి మాట రాదు. మూలుగుతాడు, గర్జిస్తాడు, చేతులు చాస్తాడు. చెరువు గట్టున ఒక చిన్న పిల్ల ఒక్కతే అతన్ని చూసి జడుసుకోదు. ఇద్దరూ పూలు నీళ్లలోకి విసురుతుంటారు. పూలు తేలుతుంటే భూతం ముఖం వికసిస్తుంది. పూలు అయిపోతాయి. పిల్ల కూడా పూవులాగే తేలుతుందనుకుని ఎత్తి నీళ్లలో వేస్తాడు. పిల్ల తేలదు. ఈ ముక్కను అప్పట్లో కత్తిరించేశారు. భూతం పిల్ల వైపు చేతులు చాచడం దగ్గర కోత పడేసరికి, ఆ తరవాత ఏం జరిగిందో ప్రేక్షకుడు తన మనసుకు తోచినంత ఘోరంగా ఊహించుకున్నాడు. తెలియక జరిగిన పని అని చెప్పుకోవడానికి భూతానికి నోరు లేదు, చూపించడానికి రీలు లేదు. చివరికి ఊరంతా కాగడాలతో వచ్చి, భూతం దూరిన గాలిమరను తగలబెడుతుంది.

తమాషా ఏమిటంటే, అసలు నవలలో ఈ భూతం మహా మాటకారి. మేరీ షెల్లీ ఆ కథ మొదలుపెట్టింది 1816 వేసవిలో, జెనీవా సరస్సు ఒడ్డున, 18 ఏళ్ల వయసులో. ముందు ఏడాది ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలిన బూడిద ఆకాశాన్ని కప్పి, యూరప్‌లో ఆ ఏడు వేసవే రాలేదు. ముసురు పట్టిన ఇంట్లో కవి మిత్రులందరూ తలా ఒక దెయ్యం కథ రాయాలని పందెం వేసుకున్నారు. 1818లో అచ్చయిన ఆ నవలలో భూతం ఒక పేదల ఇంటి గోడ సందులోంచి నెలల తరబడి వాళ్ల మాటలు విని భాష నేర్చుకుంటాడు. చదువు కూడా పట్టుబడుతుంది. ఆ ఇంట్లో ఒక గుడ్డి తాత ఉంటాడు. తాత ఒక్కడే ఉన్న వేళ చూసి భూతం లోపలికి వెళ్లి మాట కలుపుతాడు. తాత ఆదరంగానే మాట్లాడతాడు, కళ్లున్న కొడుకు వచ్చి కర్రతో బాదుతాడు. తరవాత భూతం తనను చేసినవాడి దగ్గరికి వెళ్లి ఒక్క కోరిక కోరతాడు: నాకొక తోడును చేసిపెట్టు.

మాట, గుడ్డి తాత, తోడు. మొదటి సినిమా ఈ మూడింటినీ వదిలేసింది. రెండో సినిమా వాటిని వెతికి తెచ్చుకుంది.

దర్శకుడు జేమ్స్ వేల్‌కు రెండో భాగం తీయడం మొదట్లో ఇష్టం లేదు. ఇంగ్లండ్ కార్మిక కుటుంబంలో పుట్టి, మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ల చేతికి చిక్కి ఖైదీగా ఉన్నవాడు. మొదటి సినిమాతోనే ఆ కథలో సారమంతా పిండేశానన్నది అతని లెక్క. కంపెనీ ఒత్తిడికి చివరికి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక మాత్రం ఎవరూ అడగనిది చేశాడు. అదే భూతానికి మాట నేర్పడం.

అందుకు అడ్డం పడినవాడు కార్లాఫే. భూతం మాట్లాడితే దాని బలం పోతుందని అతని వాదన. ఆ వాదన నెగ్గలేదు. మొదటి సినిమాలో కార్లాఫ్ తన కట్టుడుపళ్లు తీసేసి, ఒక పక్క బుగ్గ లోపలికి పీక్కుపోయేలా చేసుకున్నాడు; ఆ శవం వాటం సగం దానివల్లే వచ్చింది. రెండో సినిమాలో మాట స్పష్టంగా రావాలి కనక పళ్లు తీయడం కుదరలేదు. రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది: రెండోదాంట్లో భూతం బుగ్గ నిండింది. మాట వచ్చేసరికి ముఖం మనిషి ముఖానికి ఒక మెట్టు దగ్గరైంది.

ఎన్ని మాటలు ఇవ్వాలన్నది తరవాతి చిక్కు. స్టూడియోలో పనిచేసే పదేళ్ల పిల్లల పరీక్ష కాగితాలు తెప్పించి చూసి, వాటిలోంచి 44 తేలిక మాటలు ఏరారు. నవలలో పుటలకొద్దీ ఉపన్యసించే భూతానికి సినిమాలో దక్కిన ఆస్తి అంతే.

ఆ ఆస్తి అతనికి అందేది అడవిలో ఒక గుడిసెలో. గాలిమర మంటల్లో చావకుండా బయటపడి, తూటా దెబ్బ తగిలి పారిపోతున్న భూతానికి చెట్ల మధ్య నుంచి వయొలిన్ వినిపిస్తుంది. షూబర్ట్ కట్టిన 'ఆవే మరియా' వరస. తలుపు తోస్తాడు. లోపల గుడ్డి సన్యాసి. వచ్చింది ఎవరని అడుగుతాడు, జవాబు రాదు, మూలుగు వస్తుంది. నోట మాట రాని మనిషి కాబోలు అనుకుంటాడు సన్యాసి. పరుపు మీద కూర్చోబెట్టి, వేడి సూప్ ఇచ్చి, గాయం తడిమి, ఇన్నాళ్లకు ఒక స్నేహితుణ్ని పంపావా అని దేవుడికి దండం పెట్టుకుని అతని గుండె మీద తల వాల్చి ఏడుస్తాడు. భూతం చెంప మీద ఒక నీటి బొట్టు జారుతుంది. ఏడ్చేవాణ్ని ఓదార్చడం తెలియక, ముసలాయన భుజం మీద పెద్ద చెయ్యి వేసి మెల్లగా తడతాడు.

తరవాత పాఠాలు మొదలవుతాయి. రొట్టె ముక్క చేతిలో పెట్టి దాని పేరు పలికిస్తాడు సన్యాసి. ద్రాక్షసారా గ్లాసు పెట్టి ఇంకో మాట. చుట్ట ముట్టించి ఇస్తాడు. నిప్పు చూసి భూతం బెదిరిపోతాడు, గాలిమర మంట ఇంకా ఒంటి మీద మచ్చలుగా ఉంది మరి. నిప్పులో మంచీ ఉంది చెడ్డా ఉందని ముసలాయన నచ్చజెబుతాడు. మంచి, చెడు, ఒంటరి, స్నేహం... ఇలా ఒక్కొక్కటే. మాట నేర్చినప్పుడల్లా భూతం దాన్ని రెండుమూడుసార్లు అనుకుంటాడు, మన ఇళ్లలో అప్పుడే మాటలొస్తున్న పిల్లలు అన్నం, తాత, కాకి అనుకున్నట్టు. చుట్ట పొగ వదిలి సంబరపడతాడు. అప్పుడు తుపాకులతో ఇద్దరు మనుషులు దారి తప్పి తలుపు తడతారు. వాళ్లకు కళ్లున్నాయి. గుడిసె అంటుకుంటుంది, సన్యాసిని లాక్కుపోతారు, భూతం మంటల్లోంచి బయటపడి నేర్చుకున్న మాటల్లో ఒకదాన్ని పట్టుకుని అడవిలో కేకలు పెడతాడు. స్నేహితుడన్న మాట అది.

ఇక్కడే గిడుగు వ్యాకరణం పని పడుతుంది. పర్లాకిమిడిలో పంతులుగిరీ చేస్తూ ఆయన సవరల భాష నేర్చుకోవాలని పూనుకున్నారు. దానికి అప్పటికి పుస్తకం లేదు, లిపి లేదు. భాష వచ్చినవాళ్లను ఇంట్లో పెట్టుకుని, కొండలెక్కి దిగి, ఒక్కొక్క మాటా పోగుచేశారు. ఆ తిరుగుళ్లలో మలేరియా పట్టుకుంది. మింగిన క్వినైన్‌కు చెవులు పోయాయి. సినిమాలో చూపు లేనివాడు మాట నేర్పాడు. పర్లాకిమిడిలో వినికిడి పోయినవాడు మాట నేర్చుకున్నాడు. తేడా కూడా చూడాలి. సన్యాసి తన మాటలు ఇచ్చాడు కాని ఎదుటివాడి మూలుగులో ఏముందో అడగలేదు. గిడుగు అడిగారు, అడిగి రాసుకున్నారు. సవరలు ఇప్పటికీ ఇదే రాయగడ జిల్లాలో, గుణుపురం వైపు కొండల్లో ఉన్నారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక గిడుగు రాజమహేంద్రవరం తరలిపోయారు.

మైదానం కథల్లో అడవిలో ఉండేది ఎప్పుడూ రాక్షసుడే. కథ చెప్పేవాడికి అడవివాళ్ల భాష రాకపోవడం దీనికొక కారణం. మునిగుడ చుట్టూ వినిపించే కువి భాషనే చూడండి. భాషాశాస్త్రం లెక్కలో కువికి తెలుగు స్వయానా ఒక శాఖ చుట్టం. నియమగిరి మీది డొంగ్రియా కోంధుల మాటకూ మన మాటకూ ఉన్న రక్తబంధం తెలుగుకూ ఒడియాకూ లేదు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు మేరకు రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు పెట్టి, కొండ మీద బాక్సైటు తవ్వకం కావాలా వద్దా అని అడిగారు. పన్నెండూ వద్దన్నాయి. జిల్లా జడ్జి ఎదుట, కొండవాళ్లు తమ నోటితో కొండ దేవుడు నియమరాజు గురించి చెప్పిన మాటలు రికార్డుకెక్కాయి. భూతం సినిమాతో దీనికి పోలిక పెట్టడం తప్పు. వాళ్లు భూతాలు కారు, ఎవరూ వాళ్లకు మాట నేర్పనూ లేదు. వాళ్లకు ఉన్న మాటను అడిగి వినడం జరిగింది. సినిమాలో ఆ ఊరివాళ్లు చేయనిది అదొక్కటే.

మళ్లీ సినిమాలోకి. భూతానికి మాట వచ్చాక దాన్ని మొట్టమొదట వాడుకున్నవాడు దుర్మార్గుడు. డాక్టర్ ప్రిటోరియస్ అనే పాత్ర, ఎర్నెస్ట్ థెసిగర్ వేశాడు: సన్నగా, ముక్కుతో లోకాన్ని వాసన చూసేవాడిలా ఉంటాడు. శ్మశానం నేలమాళిగలో శవపేటిక మీద బట్ట పరిచి భోంచేస్తుంటే భూతం వస్తాడు. జడుసుకోకపోగా చుట్ట ఇస్తాడు. నీకొక స్నేహితురాలిని చేసిపెడతాను, ఫ్రాంకెన్‌స్టైన్‌ను ఒప్పించు అంటాడు. మాట వచ్చినవాణ్ని మాటతో పట్టుకోవచ్చని అతనికి తెలుసు. మూగగా ఉన్నప్పుడు భూతాన్ని గొలుసులతో కట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ఆశ చాలు.

తెలుగులో దీనికి దగ్గర బంధువును వెతకబోతే, ముందు ఎస్వీ రంగారావు ఎదురొస్తాడు. 'మాయాబజార్' 1957 మార్చి 27న విడుదలైంది. అది దేనికీ రెండో భాగం కాదనిపిస్తుంది. కాని భారతం విన్నవాడికి తెలుసు, మొదటి భాగంలో హిడింబాసురుణ్ని భీముడు చంపేశాడని. ఆ హిడింబుడి మేనల్లుడే ఘటోత్కచుడు. మేనమామ భయం పుట్టించి చచ్చాడు, మేనల్లుడు ముద్దొచ్చాడు. నూజివీడులో పుట్టిన రంగారావు ఆ గద భుజాన వేసుకుని నడిచి వస్తుంటే హాల్లో పిల్లలు భయపడలేదు, ముందుకు జరిగి కూర్చున్నారు.

ఘటోత్కచుడికి మాటల కరువు లేదు. పింగళి నాగేంద్రరావు అతనికి తెలుగు సినిమాలోనే అందరికన్నా కమ్మని మాటలు రాశాడు. అసమదీయులు, తసమదీయులు అంటూ శిష్యుడు లేని మాట పుట్టిస్తే, గురువు తప్పు పడతాడు. ఘటోత్కచుడు శిష్యుడి పక్షం వహిస్తాడు. ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలు ఎక్కడినుంచి వస్తాయన్నది అతని ప్రశ్న. పైగా వీరతాడు బహుమానం. హాలీవుడ్ భూతానికి 44 మాటలు లెక్కపెట్టి ఇచ్చారు; మన రాక్షసుడికి కొత్త మాటలు పుట్టించే అధికారమే ఇచ్చేశారు.

ఈ రెండు సినిమాలకూ పెళ్లి పీటల దగ్గర ఇంకో వియ్యం ఉంది. అక్కడ భూతానికి పెళ్లికూతురును తయారుచేస్తారు. ఇక్కడ రాక్షసుడే పెళ్లికూతురవుతాడు. మాయా శశిరేఖగా సావిత్రి నటించింది ఒక ఆడపిల్లను కాదు, ఆడపిల్ల ఒంట్లో దూరిన రంగారావును. ఆ నడక, ఆ భుజాల విసురు, ఎవరూ చూడనప్పుడు మీసం మీదికి పోబోయే చెయ్యి... పీటల మీద పెళ్లికొడుకు వేషంలోని రేలంగి పాదాన్ని తొక్కిన ఆ పాదం బరువు మనకు తెరమీంచి కూడా తెలుస్తుంది. భారతంలో మాత్రం ఘటోత్కచుడి కథ నవ్వుతో ముగియదు. కురుక్షేత్రంలో కర్ణుడి శక్తికి అతను బలైతే, అర్జునుడికి గండం గడిచిందని కృష్ణుడు సంతోషిస్తాడు. అయినవాళ్ల కోసం రాక్షసుడు చచ్చిపోవడం అక్కడా ఉంది. 'మాయాబజార్' దర్శకుడు కె.వి.రెడ్డి కథను అంతదూరం పోనివ్వలేదు.

అచ్చంగా రెండో భాగమైన దెయ్యం సినిమా కావాలంటే 'కాంచన' ఉంది. రాఘవ లారెన్స్ 2007లో 'ముని' తీశాడు. పేరుకీ మునిగుడకీ ఏ చుట్టరికమూ లేదు. 2011 జూలైలో దానికి రెండో భాగంగా 'కాంచన' తమిళంలోనూ తెలుగులోనూ వచ్చింది. ఖాళీ స్థలంలో కుర్రాళ్లు క్రికెట్ ఆడతారు. అక్కడ పాతిన వికెట్లతో పాటు పాతిపెట్టిన శవాల కథ కూడా ఇంటికొస్తుంది. చీకటి పడితే అమ్మ కొంగు వదలని హీరో ఒంట్లోకి కాంచన దూరుతుంది. కాంచన ట్రాన్స్‌జెండర్ మహిళ, శరత్‌కుమార్ వేసిన పాత్ర. కన్నవాళ్లు గెంటేస్తే ఒక ముస్లిం పెద్దాయన చేరదీస్తాడు. తనలాంటి ఇంకో పిల్లను చదివించి డాక్టర్‌ని చేస్తుంది. ఆస్పత్రి కోసం కొన్న స్థలాన్ని ఎమ్మెల్యే కాజేసి, కాంచననూ, ఆశ్రయమిచ్చిన పెద్దాయననూ, అతని కొడుకునూ చంపి అక్కడే పూడ్చేస్తాడు.

అడవి గుడిసెలో సన్యాసి చేసిన పని ఇక్కడ ఆ పెద్దాయన చేశాడు. మాట మాత్రం కాంచనకు చచ్చాకే దక్కింది, అదీ ఇంకొకరి నోటితో. ఈ సినిమాను మెచ్చుకునేటప్పుడు ఒక ఇబ్బంది దాచకూడదు. సగం సినిమా దాకా హాలు నవ్వేది మగవాడు చీర కట్టాడని, గాజులు తొడిగాడని, పసుపు రాసుకున్నాడని. తరవాత ఫ్లాష్‌బ్యాక్ వచ్చి, ఇందాక నవ్వింది ఎవర్ని చూసి అని అడుగుతుంది. నవ్వు టికెట్టు తెగడానికి, ప్రశ్న ఇంటికి తీసుకెళ్లడానికి. ఏది ఎక్కువమంది తీసుకెళ్లారో గానీ, 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను థర్డ్ జెండర్‌గా గుర్తించే నాటికి, తెలుగు పల్లెల్లో కొందరికైనా ఆ మనుషుల గోడు మొదట తెలిసింది ఒక దెయ్యం నోటే కావచ్చు. 2020లో ఇదే కథను లారెన్స్ అక్షయ్ కుమార్‌తో 'లక్ష్మీ'గా హిందీలో తీశాడు.

ఇక మళ్లీ హాలీవుడ్ భూతం దగ్గరికి, ఆ రెండో సినిమా ముగింపుకు. తుఫాను రాత్రి, బురుజు మీద గాలిపటాలు ఎగరేసి పిడుగులు దించుతారు. ఫ్రాంజ్ వాక్స్‌మన్ సంగీతంలో డోలు గుండెలా కొట్టుకుంటుంది. బెర్లిన్‌లో నాజీ గూండాల దెబ్బలు తిని దేశం వదిలొచ్చిన సంగీతకారుడతను. కట్లు విప్పుతారు. తెల్లటి పొడవు గౌను, పైకి లేచి నిలబడిన జుట్టు, రెండు పక్కలా మెరుపుల్లా తెల్ల పాయలు. పెళ్లి గంటలు మోగుతాయి. భూతం దగ్గరికొచ్చి, తను నేర్చిన వాటిలో అన్నిటికన్నా మంచి మాటతో పలకరిస్తాడు. ఆమె కెవ్వుమంటుంది. అందరిలాగే ఈమె కూడా తనను అసహ్యించుకుంటోందని అతను పైకే అంటాడు. ఫ్రాంకెన్‌స్టైన్‌నూ అతని భార్యనూ బయటికి పొమ్మంటాడు. తను, ప్రిటోరియస్, పెళ్లికూతురు మాత్రం అక్కడే ఉండాలంటాడు. చెంప మీద మళ్లీ ఒక నీటి బొట్టు. మీట లాగేస్తాడు, బురుజు కూలిపోతుంది. మూగగా ఉన్నప్పుడు ఊరివాళ్లు తగలబెట్టారు. మాట వచ్చాక తీర్పు తనే చెప్పుకున్నాడు.

ఈ సినిమాలో నోరు రానివారు ఇంకొకరున్నారు. పెళ్లికూతురు. సినిమా పేరు ఆమె పేరు మీదే ఉంది, తెర మీద ఉండేది కొద్ది నిమిషాలు, పలికిన మాటలు సున్నా. అరుస్తుంది, బుస కొడుతుంది. ఆ బుసను లండన్ రీజెంట్స్ పార్కులో హంసల దగ్గర పట్టుకున్నానని ఎల్సా లాంచెస్టర్ తరవాత చెప్పుకుంది. ఇదే లాంచెస్టర్ సినిమా మొదట్లో మేరీ షెల్లీగానూ కనిపిస్తుంది: ముసురు రాత్రి, చేతిలో కుట్టుపని, ఎదురుగా బైరన్, పక్కన భర్త, కథ అయిపోలేదు, ఇంకా ఉంది అని చెప్పేది ఆమే. కథ రాసినామెకూ, కథలో నోరు పెగలనామెకూ నటి ఒక్కతే.

1931 సినిమా మొదట్లో నటుల పట్టీ వేసినప్పుడు భూతం పాత్రకు ఎదురుగా కార్లాఫ్ పేరు వేయలేదు. ఒక ప్రశ్నార్థకం పెట్టారు. 1935కు వచ్చేసరికి సినిమా పేరు కన్నా ముందే, ఇంటిపేరు ఒక్కటే, పెద్దక్షరాల్లో వేశారు: కార్లాఫ్. పట్టీ కిందికి దిగితే భూతానికి తోడుగా తయారైన పాత్ర ఉంటుంది. ఆ వరసలో మేరీ షెల్లీ పాత్ర ఎదురుగా లాంచెస్టర్ పేరుంది. తోడు పాత్ర ఎదురుగా పాత ప్రశ్నార్థకమే ఉంది.